పదిహేను రోజులకోసారి మసకబారే నక్షత్రాలు

నలభై ఒకటో నక్షత్రం కూడా అదే మాట చెప్పేసరికి మైథిలికి ఇక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి కిటికీ దగ్గర నిలబడింది. కింద పార్కింగులో ఎవరో స్కూటరు సీటు మీది దుమ్ము దులుపుకుంటున్నారు. లోకం మామూలుగానే ఉంది. స్క్రీన్ మీదే ఏదో తేడాగా ఉంది.

నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటితే నక్షత్రపు వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది. ఆ పిసరును పట్టుకోవడమే హైదరాబాదు శివార్లలోని ఈ పరిశోధన కేంద్రం పని. చంద్రుడికి ఎంతో అవతల, పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న 'ద్రష్ట' టెలిస్కోపు ఆకాశంలో ఒక్కో ముక్కను మూడేసి నెలలు రెప్పవేయకుండా చూసి, ఒక్కో నక్షత్రానికి ఒక్కో వెలుగు గీత పంపుతుంది. గీత వంగితే వెలుగు తగ్గినట్టు. వంపు మళ్ళీ మళ్ళీ వస్తే గ్రహం తిరుగుతున్నట్టు.

ఈ నలభై ఒక్క నక్షత్రాలూ ఆకాశంలో తలోమూలా ఉన్నాయి. వాటిని చూసిన ఏళ్ళూ వేరు, నెలలూ వేరు. అయినా అన్నీ పద్నాలుగు రోజుల పద్దెనిమిది గంటలకోసారి మసకబారుతున్నాయి. ఊళ్ళో నలభై ఒక్క ఇళ్ళల్లో పిల్లలందరికీ ఒకే రోజు పన్ను ఊడితే ఎవరైనా ఏమనుకుంటారు? మైథిలికి ఏమనుకోవాలో తెలియలేదు.

డైరెక్టరు పానకాలరావు గారు గీతలన్నీ బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశారు. అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, ఆచితూచి మాట్లాడతారని పేరు.

"తారీఖులు పక్కపక్కన పెట్టి చూశావా?"

"చూశాను సార్. అన్నీ ఒకే గడియారం మీద నడుస్తున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట చూసిన నక్షత్రం, మొన్న మేలో చూసిన నక్షత్రం, లెక్కకట్టుకుంటూ వస్తే రెండూ ఆ రోజు మీదే వచ్చి పడుతున్నాయి. తప్పు ఎక్కడో మన దగ్గరే ఉంది సార్."

"టెలిస్కోపులో పదిహేను రోజులకోసారి జరిగేది ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు. ఒక్కో భాగం అడిగి కనుక్కున్నాను. సగం నెల లెక్క చంద్రుడిది. కానీ ద్రష్ట చంద్రుడికి వీపు పెట్టి ఉంటుంది. ఆ వెలుగు చుక్క కూడా లోపలికి రాదు. ఇంకోటి సార్. మొదటి మూడేళ్ళలో చూసిన నక్షత్రాల్లో ఇది లేనే లేదు. తొమ్మిదేళ్ళ కిందట నవంబరులో మొదలైంది."

"ఆ ఏడాదే కదా కెమెరా సాఫ్ట్‌వేర్ మార్చాం. అప్పట్నుంచి చూపు పెరిగింది." ఆయన దగ్గర దానికీ జవాబుంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మైథిలీ, ఇది ఎవరో పెట్టినట్టుందమ్మా. మనకి కనబడాలనే, ఎవరో కూర్చుని అమర్చినట్టుంది."

ఆచితూచి మాట్లాడే మనిషి నోట ఆ మాట వస్తుందని మైథిలి అనుకోలేదు. పై శుక్రవారం విలేకరులను పిలుస్తానన్నారు ఆయన. ఆలోగా తప్పు దొరికితే సరే. దొరక్కపోతే ప్రపంచానికి చెప్పేయడమే.

తప్పు దొరికితే అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో మైథిలికి తెలుసు.

ద్రష్ట పంపే గీతల్లో మురికి ఎక్కువ. కెమెరా వేడెక్కినా గీత వంగుతుంది, ఊరికే కూడా వంగుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఆ వంపుల్ని ఒక్కొక్కటే చూసి ఏరిపారేయాలి. ఏ రోజు వచ్చిన గీతను ఆ రోజే చూస్తూ, ఆ పని ఏళ్ళ తరబడి అలివేలు చేసింది. రేపల్లె కాలేజీలో బీయస్సీ చదివి, డేటా ఎంట్రీ ఉద్యోగానికని వచ్చి, పీహెచ్‌డీలు తలలు పట్టుకునే గీతను ఒక్క చూపులో రాయో గింజో తేల్చేసే మనిషి. డిసెంబరులో రిటైరవుతుంది. ఆవిడ కన్ను పోతే కేంద్రానికి కన్ను పోయినట్టేనని, ఆవిడ చేసిన లక్షల నిర్ణయాల్ని ముందేసుకుని ఆ చూపునే ఒక యంత్రానికి నేర్పింది మైథిలి. దానికి జల్లెడ అని పేరు పెట్టింది. ఆవిడ ఏడాదిలో ఏరేది జల్లెడ ఒక పూటలో ఏరేస్తుంది. నలభై ఒక్క నక్షత్రాలూ జల్లెడలోంచి వచ్చినవే.

అలివేలు మైథిలికి అత్తగారు కూడాను. పదేళ్ళ కిందట, కొత్తగా చేరిన ఈ పిల్ల గీతలు చూసే తీరు చూసి, "మా ముకుందుకి నిన్ను అడగాలనుంది, నీకు ఇష్టమైతేనే" అని కంప్యూటరు ముందే అడిగేసింది. అప్పట్నుంచీ ఆఫీసు గేటు లోపల మేడం, అలివేలు గారూ. గేటు బయట అమ్మాయ్, అత్తయ్యా. ఆ నియమం ఇద్దరూ ఒక్కరోజు కూడా తప్పలేదు.

బుధవారం సాయంత్రం ఇంట్లో గ్యాస్ అయిపోయింది. కిందటి బండ ఎప్పుడు మార్చామో చూద్దామని మైథిలి వంటింటి గోడ మీది క్యాలెండరు తిప్పింది. పాలవాడు రాని రోజులూ, బండ మార్చిన రోజులూ అలివేలు దాని మీదే రాస్తుంది. జూన్ కాగితం దాటి మే కాగితంలోకి వెళ్ళిన మైథిలి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మే 8. మే 23. మళ్ళీ ముందుకు తిప్పింది. జూన్ 6. జూన్ 21. ఎక్కాల్లాగా నోటికొచ్చిన తారీఖులవి, నలభై ఒకటో నక్షత్రం మసకబారిన రోజులు. నాలుగు గళ్ళలోనూ తారీఖు కింద ఎర్రగా, చిన్నగా ఒకే మాట ఉంది. ఏకాదశి.

పాత క్యాలెండర్లు ఆ ఇంట్లో పారేయరు, గూళ్ళలో పరుస్తారు. మైథిలి కందిపప్పు డబ్బా దింపి నాలుగేళ్ళ కిందటి అక్టోబరు చూసింది. మినప్పప్పు డబ్బా కింద ఆరేళ్ళ కిందటి మార్చి. పోపుల డబ్బా కింద ఇంకోటి. ఆఫీసు నుంచి వచ్చిన ముకుంద్ గుమ్మంలో నిలబడి, కటిక నేల మీద డబ్బాల మధ్య కూర్చున్న పెళ్ళాన్ని చూసి, ఎలుక దూరిందా అని అడిగాడు. రైల్వేలో ఇంజినీరు కాబట్టి అతనికి తోచేవన్నీ అలాంటి కారణాలే.

ఏ గూట్లో చూసినా లెక్క తప్పలేదు. గ్రహం ఒకసారి పద్నాలుగో రోజున, ఒకసారి పదిహేనో రోజున కుంటుతూ ఎందుకొస్తోందో కూడా తేలిపోయింది. తిథులు అలాగే వస్తాయి. కానీ పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల ఉన్న టెలిస్కోపుకి పంచాంగం ఎవరు చెప్పారు? నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. ద్రష్టకీ ఈ వంటింటికీ మధ్య ఉన్న మనిషి ఒక్కరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని.

అయినా ముడి విడలేదు. అత్తగారికి పదకొండేళ్ళుగా షుగరు. కడుపు ఖాళీగా ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో ఉపవాసాల ఊసే వద్దని మైథిలి అంతకంటే గట్టిగా చెప్పింది. రోజూ డబ్బా కట్టి ఇచ్చేది తనే, సాయంత్రం అది ఖాళీగా తిరిగొచ్చేది.

మర్నాడు పాత రికార్డులు తెరిచింది. అలివేలు ముందు మూడు మీటలుండేవి: తీసెయ్, ఉంచు, చూడాలి. మామూలు రోజుల్లో ఆవిడ 'చూడాలి' నొక్కింది పదిసార్లు కూడా ఉండదు. ఏకాదశుల్లో, అదీ మధ్యాహ్నం రెండు దాటాక, వందలసార్లు నొక్కింది.

గేటు దగ్గర యాదగిరిని పక్కకి పిలిచింది. పన్నెండేళ్ళుగా అక్కడే సెక్యూరిటీ చూసే మనిషి.

"అలివేలు గారు మధ్యాహ్నం ఎక్కడ తింటారు యాదగిరీ?"

అతను టోపీ సర్దుకున్నాడు. "చెప్పొద్దన్నది మేడం."

"నాకు చెప్పొచ్చు."

"పదిహేను రోజులకొకసారి డబ్బా నాకే ఇస్తది. తొమ్మిదేండ్ల సంది. దొండకాయ కూర మస్తుంటది మేడం."

ఆ దొండకాయ కూర చేసేది మైథిలే. "సరే" అని లోపలికి వచ్చేసింది.

సాయంత్రం అలివేలు మంచం మీద కూర్చుని చీరలు మడతపెడుతుంటే మైథిలి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఏకాదశులు ఉంటున్నారటగా."

చీర మడత ఆగింది. "ఎవరు చెప్పారు? యాదగిరా?"

"నక్షత్రాలు చెప్పాయి అత్తయ్యా."

గీతల సంగతి చెబితే అలివేలుకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం పాలిపోయింది. "మూడింటికల్లా కళ్ళు మసకేసేవే. చేతులు వణికేవి. అలాంటి కళ్ళతో రాయో గింజో నేనెలా తేల్చను? తప్పు చేయకూడదనే 'చూడాలి' నొక్కేదాన్ని. రెండో మనిషి చూస్తారు కదా అని."

"రెండో మనిషిని తీసేసి పదేళ్ళయింది అత్తయ్యా."

"నాకెవరూ చెప్పలేదే. మీట ఉందిగా మరి."

మీట ఉంది. దాన్ని తీసేయడం ఎవరికీ గుర్తురాలేదు. జల్లెడకి చదువు చెప్పేటప్పుడు ఆ మూడో మీటను ఏంచేయాలన్న ప్రశ్న మైథిలికే వచ్చింది. తీసెయ్ అనలేదంటే ఉంచమనే కదా అని ఒక్క లైను రాసిపడేసింది. నలభై ఒక్క గ్రహాలూ పుట్టింది ఆ లైనులోంచే. అత్తగారి అనుమానాన్ని కోడలు నమ్మకంగా రాసింది. మామూలు రోజుల్లో సందేహపు వంపుల్ని చెరిపేసి, ఏకాదశి నాడు మాత్రం ముట్టుకోకుండా వదిలేయడం జల్లెడ నేర్చుకుంది. పైగా తొమ్మిదేళ్ళ తారీఖుల్లోంచి తిథులు లెక్కగట్టే పద్ధతి కూడా పట్టేసి, అలివేలు చెయ్యి లేకపోయినా తనపాటికి తను ఏకాదశి పాటిస్తోంది. ఏ పంతులూ దానికి చెప్పలేదు.

"అసలెందుకు మొదలుపెట్టారు?"

అలివేలు చీర మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆ కార్తీకంలో నీకు డెంగీ వచ్చింది కదా. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలకి దిగాయన్నారు. ఇక చెప్పలేమన్నారు. ఈ పిల్ల లేచి కూర్చుంటే బతికినంతకాలం ఏకాదశి ఉంటాను స్వామీ అని మొక్కుకున్నాను. నువ్వు లేచి కూర్చున్నావు."

మైథిలికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు కోపమే బయటికొచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు అత్తయ్యా? షుగరు పెట్టుకుని?"

"కందవి నువ్వు. నీకేం తెలుసు? ఆ పదకొండు రోజులూ కళ్ళు తెరవలేదు. చూసినదాన్ని నేను."

సాఫ్ట్‌వేర్ లోపం అని ఒక్క మాట రాసి ఇస్తే చాలు, అత్తగారి పేరు ఎక్కడా రాదు. మైథిలి అదే రాయబోయింది. కానీ శుక్రవారం పొద్దున్న ఆవిడే డైరెక్టరు గదిలోకి నడిచింది. వెనకే వచ్చిన మైథిలి ఎదుటే, నిలబడే అంతా చెప్పింది.

"ఇన్నేళ్ళలో నేను గింజలని తేల్చిన రెండొందల గ్రహాలూ అబద్ధమేనా సార్?" అని అడిగింది చివర్లో. ఆవిడ భయమంతా అదే.

పానకాలరావు గారు విలేకరులకు రాసిపెట్టుకున్న కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి మైథిలి వైపు తిరిగారు. "ఎవరో పెట్టారన్నాను కదమ్మా. అంతవరకూ నేను తప్పలేదు." నవ్వబోయి మానేశారు. "ముడి డేటా టేపుల మీద ఉంది. ఏకాదశుల్ని పక్కనబెట్టి అంతా మళ్ళీ ఏరిద్దాం. మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎవరూ ఏ మాటా అనొద్దు."

మధ్యలో తొలి ఏకాదశి వచ్చింది. దాపరికం పోయింది కాబట్టి అలివేలు ఇంట్లోనే, అందరి ఎదుటా ఉపవాసం ఉంది. మైథిలి గంటకోసారి వేలు గుచ్చి షుగరు చూసింది. నాలుగింటికి అరవై కిందికి పడింది. చక్కెర నీళ్ళు తెస్తే ఆవిడ పళ్ళు బిగబట్టింది. చెమటలు కారిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. మైథిలి వంటింట్లోకి పరిగెత్తి అవే నీళ్ళలో నాలుగు తులసాకులు వేసి, గుడి తీర్థమని చేతిలో పోసింది. అలా నాలుగుసార్లు పోస్తే అన్నీ తాగింది.

కాస్త తేరుకున్నాక, "తీర్థం తియ్యగా ఉందేమే?" అంది. మైథిలి మళ్ళీ వేలు గుచ్చి షుగరు చూసింది. ఇంకో ఏకాదశికి ఈ మనిషి ఉంటుందో ఉండదో అన్న దిగులు ఆరోజు పట్టుకుని ఇక వదల్లేదు.

మూడు వారాలకి ఫలితాలు వచ్చాయి. ఆవిడ రెండొందల గ్రహాల్లో ఒక్కటీ చెదరలేదు. నలభై ఒక్కట్లో నలభై మాయమయ్యాయి. పదిహేడో నక్షత్రం మాత్రం తేలలేదు. దాని టేపు చెడిపోయింది. అందులో వంపు నిజంగా గ్రహానిదో, ఆకలిదో చెప్పడానికి దారి లేదు. ద్రష్టను మళ్ళీ దానివైపు తిప్పి, గ్రహం రావాల్సిన రోజున చూడడమే. ఆ రోజు జూలై 21, ఆషాఢ బహుళ ఏకాదశి.

"జల్లెడ వద్దు. మనిషి చూడాలి," అన్నారు పానకాలరావు గారు. "చూడాలి అని నొక్కింది అలివేలు గారు. చూడాల్సింది కూడా ఆవిడే. కాకపోతే అన్నం తిని చూడాలి."

అలివేలు ఇంటికొచ్చాక సోఫా అంచున కూర్చుని మెల్లగా అంది. "నా వల్ల కాదే. నేను తిన్నాక నీకేమైనా అయితే? ఆ గ్రహం ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఇలాంటివన్నీ ఉత్త భ్రమలని మైథిలి కాలేజీ రోజుల్లో వ్యాసాలు రాసిన మనిషి. అవన్నీ ఇప్పుడు ఏకరువు పెట్టొచ్చు. కానీ నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "మొక్కు మనిషిదా అత్తయ్యా, ఇంటిదా?"

"అంటే?"

"మీ బదులు ఇంట్లో ఇంకొకరు ఉంటే చెల్లుతుందా?"

అలివేలు ఆలోచించింది. "మా అత్తగారికి ఒంట్లో బాగోనప్పుడు నేనుండేదాన్ని. చెల్లుతుందనే అనేది."

"అయితే నేనుంటాను. ఈసారికే కాదు, ఇకనుంచీ."

పేపరు చదువుతున్న ముకుంద్ తలెత్తాడు. "శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మైథిలి మాత్రం, ఇదంతా లెక్క తేలడం కోసమా, అత్తగారి కోసమా, లేక లోపల ఎక్కడో తనకీ భయముందా అని చాలాసేపు తనను తానే ప్రశ్నించుకుంది. మూడూ అవుననే అనిపించింది. మూడూ కాదనీ అనిపించింది.

ఆ సోమవారం మధ్యాహ్నం కంప్యూటరు గదిలో అలివేలు డబ్బా విప్పింది. దొండకాయ కూర, చారు, కాస్త పెరుగన్నం. మొదటి ముద్ద కలిపి పట్టుకుని కోడలి ముఖంలోకి చూసింది. అలా చూస్తూనే నోట్లో పెట్టుకుంది. ఆవిడ మింగుతున్న ఆ ఒక్క క్షణం మైథిలి ఊపిరి బిగబట్టింది. బిగబట్టినట్టు తర్వాత గాని తెలియలేదు. ఏమీ కాలేదు. ఏసీ మామూలుగా రొద చేస్తోంది. అలివేలు రెండో ముద్ద కలిపింది.

మూడింటికి ద్రష్ట గీత రావడం మొదలైంది. చుక్క వెనక చుక్క, ఎడమ నుంచి కుడికి. పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ లేని మైథిలికి తల దిమ్ముగా ఉంది, స్క్రీన్ అంచులు అలికినట్టున్నాయి. గంట గడిచేసరికి గీత ఒకచోట దిగింది. కొద్దిగానే, కానీ దిగింది.

"వంగింది అత్తయ్యా," అంది. గేటు లోపల ఆ పిలుపు అదే మొదటిసారి.

"నువ్వు చెప్పకు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

"నిజంగా వంగింది. ఇదిగో, ఇక్కడ."

అలివేలు కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగి చూసింది. తొందరపడలేదు. పదిహేడో నక్షత్రం మిగిలితే నలభై తప్పుల్లో ఒక్కటైనా ఒప్పయినట్టు, పోతే తను వదిలినవన్నీ రాళ్ళే అయినట్టు. అది ఆవిడకి తెలుసు. అయినా 'తీసెయ్' నొక్కింది.

మైథిలి చెయ్యి దానంతటదే 'చూడాలి' మీట వైపు వెళ్ళింది. అలివేలు ఆ చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. "రేపు పారణ చేసి, కడుపునిండా తిని వచ్చి చూడు. అప్పటికీ వంగి ఉంటే నన్నడుగు."

మర్నాడు ద్వాదశి ఘడియల్లో ఇంట్లో వేడన్నం తిని, ఆఫీసుకి అందరికంటే ముందే వచ్చి మైథిలి ఆ గీత తెరిచింది. సూదికి ఎక్కించిన దారంలా తిన్నగా ఉంది. పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. నిన్న తను ఒట్టేసి చెప్పగలిగిన వంపు ఎక్కడా లేదు. లేనిదాన్ని అంత స్పష్టంగా ఎలా చూసిందో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఒక్క పూట ఆకలికే తన కళ్ళు ఇలా అయితే, షుగరుతో ఆవిడ రెండొందల సార్లు ఈ కుర్చీలోనే, ఇలాంటి కళ్ళతో కూర్చుంది. కూర్చుని, తెలియనిదాన్ని తెలుసు అనకుండా 'చూడాలి' అంది. మైథిలి స్క్రీన్ ముందు తల దించుకుని బాగా ఏడ్చింది.

ఇంటికెళ్ళాక వంటింటి క్యాలెండరులో ఆగస్టు కాగితం తిప్పింది. ఏకాదశి గడులు రెండింట్లోనూ, గ్యాసు బండల పక్కన, పెన్సిలుతో 'మై' అని రాసింది. అలివేలు అది చూసింది. వాటిలో మొదటి ఏకాదశి పొద్దున్న కోడలి కంటే ముందు లేచి, తన డబ్బా తనే కట్టుకుంది. గేటు దగ్గర యాదగిరి ఆశగా లేచి నిలబడ్డాడు.

"ఇవాళ్టి నుంచి నేనే తింటున్నానయ్యా," అంది అలివేలు. "నీకు కావాలంటే రేపు మా కోడలు పారణ చేశాక వేరే డబ్బా పంపిస్తాను."